అతుకు కనిపించని ఫొటో

కంప్యూటర్ తెర మీద కుట్టు హాలు నడుం విరిగి పడి ఉంది. ఎడమవైపు మిషన్ల వరుస తిన్నగా వచ్చి, నడిమి స్తంభం దగ్గర మోచెయ్యిలా వంగి, అక్కణ్ణుంచి ఇంకో ఎత్తులో మొదలైంది. ఎడమ సగంలో సాయంత్రం, కుడి సగంలో మిట్టమధ్యాహ్నం. కాలర్లు కుట్టే పిల్లకి ఒకటిన్నర తలలు వచ్చాయి. ఇస్త్రీ బాబాయ్ ఒక మూల ఇస్త్రీ చేస్తున్నాడు, ఇంకో మూల నిలబడి టీ తాగుతున్నాడు.

ఫొటోలక్క మౌస్ వదిలేసి కుర్చీలో వెనక్కి వాలింది. వీధిలో చిన్నా పెద్దా ఆమెను పిలిచే పేరు అదే. ఇంటి ముందుగదిలోనే ఆమె స్టూడియో. పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు, ఇల్లు అమ్ముకునేవాళ్లకి గదుల ఫొటోలు తీస్తుంది. గోడంత పొడుగు ఫొటో కావాలని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. చొక్కాల ఫ్యాక్టరీ మేనేజరు అడిగాడు. హాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ముక్కగా రావాలట. సరుకు కొనే పెద్ద కంపెనీవాళ్ల దగ్గరికి చుట్టి పట్టుకెళ్లి, వాళ్ల బల్ల మీద పరుస్తాడట. అలాంటివి తీసే కెమెరా ఉందా అంటే, ఉందనే చెప్పింది. ఉన్నది అందరి దగ్గరా ఉండే మామూలు కెమెరా. పక్కపక్కన వరసగా తీసి కంప్యూటర్లో అతికించెయ్యొచ్చులే అనుకుంది. అనుకోవడానికేం, ఆకాశానికి నిచ్చెన కూడా వేసుకోవచ్చు.

"ఇస్త్రీ బాబాయ్‌కి కవల తమ్ముడున్నాడని నాకెవరూ చెప్పలేదే!" అంటూ వెనకనుంచి ఆడపడుచు తెర మీదకి వంగింది.

"నవ్వు. నవ్వడానికి నీకేం ఖర్చు?"

"ఆర్డర్లు లేవని సగంమందిని ఇంటికి పంపారు. ఇప్పుడేమో గోడంత ఫొటో కావాలట. మింగ మెతుకు లేదుగానీ మీసాలకు సంపెంగ నూనె."

ఆ ఇంటికి పంపినవాళ్లలో తనూ ఉంది. అయినా ఫ్యాక్టరీ గురించి మాట్లాడితే ఇప్పటికీ 'మా ఫ్యాక్టరీ' అనే అంటుంది. ఆర్డరు రాగానే పిలుస్తామన్నారు. ఆ మాట పట్టుకుని, ఫోను మోగితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెడుతుంది. ఫ్యాక్టరీలో వేసుకునే పైకోటు ఉతికి, గుమ్మం పక్క కొక్కానికి తగిలించి ఉంచుకుంది.

తెర మీద ఆమె వేలు కుడిచివరికి పాకింది. కిటికీ కింద గుడ్డ కప్పిన మిషన్ దగ్గర ఆగింది. "నయం. నా మిషన్ మీద ఎవర్నీ కూర్చోబెట్టలేదు."

"కూర్చోబెడితే?"

"గంటలో లేచి దండం పెడతారు. దానికి వేరేవాళ్ల చెయ్యి తగిలితే చాలు, పుటుక్కున దారం తెంపుతుంది. నా మాట తప్ప ఎవరి మాటా వినదు."

"ఏం మంత్రం వేశావో నాకు చెప్పవే."

"చెబితే నన్నెందుకు పిలుస్తారు?" అని ఆడపడుచు కన్నుగీటి లోపలికి పోయింది.

*

మర్నాడు పొద్దున మేనేజరు ఆ ఫొటోని ఒకసారి దగ్గర్నుంచి, ఒకసారి దూరం నుంచి చూశాడు.

"మా హాలుకి పక్షవాతం ఎప్పుడొచ్చిందమ్మా?" అన్నాడు.

ఆఫీసులో ఉన్న గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఫొటోలక్కకి చెవులు వేడెక్కాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ. చేయించుకునేవాడికి చేసేవాళ్లు మరీ లోకువ.

"వెలుతురు సంగతి కెమెరాకే వదిలేశానండీ. కిటికీ వైపు తిప్పినప్పుడు ఒక వెలుతురు పట్టింది, గోడ వైపు తిప్పినప్పుడు ఇంకోటి. అది నా పొరపాటే. ఇంకోటేంటంటే, దగ్గరున్న బల్లలు..."

"అదంతా నాకెందుకమ్మా? ఈ విరిగిన హాలు పట్టుకెళ్తే నా మొహాన కొడతారు."

అంటూనే ఆయన ఆగిపోయాడు. ఇస్త్రీ బాబాయ్ మీద వేలు పెట్టాడు. కుడివైపు జరిపి, మళ్లీ ఇస్త్రీ బాబాయ్ మీదే పెట్టాడు.

"ఇతనేంటి, ఇక్కడా ఉన్నాడు, అక్కడా ఉన్నాడు?"

"ఎడమవైపు తీయడం అవగానే టీకి లేచాడండీ. నేను కెమెరా తిప్పుకుంటూ కుడివైపుకొచ్చేసరికి అక్కడికి చేరాడు. అది కూడా తప్పే. ఈసారి ఎవర్నీ కదలొద్దని చెబుతా."

మేనేజరు గుమాస్తాని టీ తెమ్మని బయటికి పంపాడు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు. గొంతులో ఎక్కడలేని మెత్తదనం వచ్చింది.

"అందరూ ఇలా రావచ్చా?"

ఆమెకి ముందు అర్థం కాలేదు. ఎడమవైపు వాళ్లని ముందు తీయాలి. కెమెరా నడిమి వరసలు తీస్తుండగా వాళ్లు లేచి, కెమెరా వెనకనుంచి నడిచి, కుడివైపు ఖాళీ మిషన్ల ముందు కూర్చోవాలి. తలగుడ్డ ఉన్నవాళ్లు తీసెయ్యాలి, లేనివాళ్లు కట్టుకోవాలి, మొహాలు పని మీదకి దించుకోవాలి. ఆయనే అంతా చెప్పేశాడు.

"సగం హాలు చూపించి మొత్తం ఆర్డరివ్వమంటే ఎవడిస్తాడమ్మా? ఆ ఖాళీ మిషన్లు చూస్తే నాకే కడుపు తరుక్కుపోతుంది."

"పోనీ ఆ మిషన్లవాళ్లనే ఒక్కపూట పిలిపిస్తే సరిపోదాండీ? మా ఆడపడుచు ఇప్పుడు రమ్మన్నా వస్తుంది."

"పిలవడం తేలికే. ఫొటో అవగానే మళ్లీ ఇంటికి పొమ్మని మీరు చెబుతారా? ఆర్డరు రానీ. వచ్చిన మర్నాడే ముందు మీ ఆడపడుచుకే కబురు పెడతా. సరేనా?"

ఆమె విరిగిన ఫొటో చుట్టుకుని ఇంటికొచ్చింది. దారిపొడుగునా మేనేజర్ని తిట్టుకుంది. మళ్లీ తీసే అవకాశం దొరికినందుకు లోపల్లోపల సంతోషం కలుగుతుంటే తనని తను తిట్టుకుంది.

ఆడపడుచు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తియ్యొదినా! నీకేం నష్టం? ఆర్డరు రావాలి, అంతే."

"నీ మిషన్ మీద ఇంకొకత్తె కూర్చుంటుందే."

"ఫొటోలోనేగా. ఫొటోలో దారం తెగదులే."

*

ఆ రోజంతా ఫొటోలక్క ముందుగదిలో ఒక చెక్కముక్కతో కుస్తీ పట్టింది. హాలు నడుం ఎందుకు విరిగిందో తెలిసింది. స్టాండు మీద కెమెరా దాని కడుపు దగ్గర తిరుగుతోంది. తిరగాల్సింది దాని కన్ను, అంటే లెన్సు దగ్గర. కన్ను పక్కకి జరిగితే, దగ్గరున్న బల్ల దూరంగా ఉన్న గోడతో పొత్తు తప్పుతుంది. అందుకని చెక్కకి రెండు బెజ్జాలు పెట్టి, కెమెరాని నిలువుగా బిగించి, వెనక్కి జరిపింది. గుమ్మానికి ఒక దారం వేలాడదీసి, దాని వెనక ఎదురింటి స్తంభం కనిపించేలా పెట్టి, కెమెరాని ఎడమకీ కుడికీ తిప్పింది. దారం స్తంభం మీదనుంచి జరిగింది. చెక్క ఇంకాస్త వెనక్కి లాగింది. దారం ఈసారి అటు జరిగింది. మరలు బిగించీ వదిలీ వేలి కొస కమిలిపోయింది. ఫొటోలు తీయించుకోవడానికి వచ్చిన ఇద్దర్ని ఎల్లుండి రమ్మంది. చివరికెప్పుడో కెమెరా ఎటు తిప్పినా దారం స్తంభాన్ని వదలకుండా నిలబడింది. ఆమె నడుం పట్టుకుని అక్కడే గుమ్మంలో కూలబడింది.

మర్నాడు హాల్లో పొడుగు గోడ మధ్యన, వెనక మనిషి పట్టేంత సందు వదిలి స్టాండు నిలబెట్టింది. తను స్టూలెక్కింది. వెలుతురు, దూరం, రంగు అన్నీ చేత్తోనే పెట్టి, ఇక కెమెరా తన తెలివి వాడకుండా కట్టేసింది. ప్రతి ఫొటోలోనూ ముందు ఫొటోలోని మూడోవంతు మళ్లీ పడాలి. లేకపోతే కంప్యూటర్‌కి అతుకు దొరకదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మనుషులు తప్ప.

మొదటిసారి ఆడవాళ్లంతా నవ్వుతూ లేచారు. తలగుడ్డలు విప్పుతూ, ఒకరినొకరు తోసుకుంటూ కెమెరా వెనక సందులోంచి నడిచారు. కుడివైపు కూర్చునేసరికి కిటికీల్లో ఎండ పోయింది. ఎడమ ఎండలో, కుడి నీడలో.

"మళ్లీ!" అంది ఫొటోలక్క.

రెండోసారి ఎవరో స్టాండు కాలు తన్నారు. మూడోసారి కాలర్ల పిల్ల కిటికీ కింది మిషన్ దాకా వెళ్లి, గుడ్డ తీయకుండా నిలబడిపోయింది.

"ఇది అక్క మిషన్ కదా. అక్క ఏమనుకుంటుందో."

"ఏమీ అనుకోదు. తనే తియ్యమంది. కూర్చో తల్లీ, మబ్బొస్తోంది!"

ఆ పిల్ల గుడ్డ తీసేసరికి మబ్బు వచ్చేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు ఇస్త్రీ బాబాయ్ ఈసారి చెప్పిన చోట నిలబడి, కెమెరా తన వైపు తిరగగానే తుమ్మాడు.

ఫొటోలక్కకి ఓపిక చచ్చిపోయింది. స్టూలు దిగింది. "ఇది పెళ్లి ఊరేగింపు కాదు, నడవండి! చివరి వరస ముందు లేవాలి. కుర్చీ ఈడ్వకూడదు, ఎత్తి జరపాలి. ఒకరి వెనక ఒకరు, గోడవారగా. వెళ్లగానే చేతిలో గుడ్డ ఉండాలి, తల దించుకోవాలి. నా వైపు చూడొద్దు!" అని అరిచింది. తనే ముందు నడిచి చూపించింది. కెమెరా ముట్టుకోకుండా వాళ్లతో రెండుసార్లు ఉత్తిగా నడిపించింది. నవ్వులు ఆగిపోయాయి. చెమటలు పట్టాయి. పొద్దు కిటికీ దాటకముందే పని అవ్వాలన్నది తప్ప ఆమెకి ఇంకేమీ తోచలేదు.

ఆ తర్వాత తీసినప్పుడు కుర్చీ చప్పుడు కూడా వినిపించలేదు. ఎడమవైపు లేచింది తెలియలేదు, కుడివైపు కూర్చుంది తెలియలేదు. ఆమె కెమెరా తిప్పుకుంటూ వెళ్తుంటే, వెనక బట్టల గాలి మాత్రం మెడకి తగిలింది. ఆఖరి ఫొటో నొక్కేదాకా ఎండ అలాగే నిలబడింది.

"అబ్బ, ఎంత చక్కగా వెళ్లారమ్మా!" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మేనేజరు. ఆయన కెమెరా వైపు చూడటంలేదు. వాళ్ల కాళ్ల వైపు చూస్తున్నాడు.

*

ఆ ఫొటోకీ ముందుదానికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. మిషన్ల వరుసలు ఈ కొస నుంచి ఆ కొసకి గీత గీసినట్టు సాగాయి. ప్రతి కుర్చీలోనూ మనిషి, ప్రతి మనిషి చేతిలోనూ గుడ్డ. అతుకులు ఎక్కడున్నాయో అతికించిన తనకే కనిపించలేదు. ఇన్నేళ్లలో ఏ ఫొటో చూసుకునీ ఫొటోలక్క ఇంత గర్వపడలేదు. కూర వండటం మానేసి, ఆడపడుచుని చెయ్యి పట్టి లాక్కొచ్చి తెర ముందు కూర్చోబెట్టింది.

ఆడపడుచు ఎడమనుంచి కుడికి నెమ్మదిగా చూసుకుంటూ వచ్చింది. కిటికీ దగ్గర ఆగింది.

"కాలర్ల పిల్లా? తలగుడ్డ కడితే పెద్దదానిలా ఉంది." కుర్చీ వెనక్కి జరిపి, "బాగుందొదినా. నిజంగా హాలు నిండుగా ఉన్నట్టే ఉంది," అంది.

మేనేజరు ఫొటో చుట్టి పట్టుకెళ్లాడు. వారం తిరక్కుండానే ఆర్డరు వచ్చిందన్న కబురు వీధి వీధంతా పాకింది. ఆడపడుచు పైకోటు మళ్లీ ఉతికి ఇస్త్రీ చేసింది. ఫోను పక్కన పెట్టుకుని అన్నం తింది. పొద్దున పిలవలేదు. సాయంత్రం పిలవలేదు. "లెక్కలు చూసుకుంటున్నారేమో," అంది. మర్నాడు, "గుడ్డ రావాలిగా ముందు," అంది. ఆ తర్వాత రోజు ఏమీ అనలేదు. ఫొటోలక్కకి ఆమె మొహం చూడటం కష్టమైంది. ఆఫీసు గోడకి పెట్టాల్సిన ఫ్రేము తయారైంది కదా అని, ఆ సాకుతో ఫ్యాక్టరీకి బయల్దేరింది.

*

మెట్ల దగ్గరే మిషన్ల చప్పుడు వినిపించింది. ఎడమవైపునుంచే కాదు, కుడివైపునుంచీ వస్తోంది. ఆమె ప్రాణం లేచొచ్చింది. అయితే పిలవడం మొదలుపెట్టారన్నమాట. మనింటికీ రేపో మాపో కబురొస్తుంది. పొడుగు ఫ్రేమునీ తననీ మెట్ల మలుపుల్లోంచి ఎలాగో తిప్పుకుంటూ పైకెక్కింది.

హాలు గుమ్మంలో నిలబడి చూస్తుండగానే ఎడమవైపు చివరి వరస లేచింది. కుర్చీలు ఎత్తి జరిపారు. ఒకరి వెనక ఒకరు, గోడవారగా, తను స్టాండు పెట్టిన చోటు వెనకనుంచి నడిచి, కుడివైపు మిషన్ల ముందు కూర్చున్నారు. కూర్చోగానే చేతుల్లోకి గుడ్డ వచ్చింది. తలలు దిగాయి. ఎవరూ ఇటు చూడలేదు.

ఫొటోలక్క ఫ్రేముని గోడకి ఆనించింది.

"మీరు నేర్పిందేనమ్మా!" మేనేజరు చేతులు రుద్దుకుంటూ ఎదురొచ్చాడు. "ఆ రోజే అనుకున్నా, ఫొటోకి ఇంత చక్కగా మారగలిగినవాళ్లు పనికి మారలేరా అని. ఇక్కడ కాలర్లు ఒక కట్ట అవగానే అక్కడ చొక్కా చేతులు కుడతారు. మొదట్లో గునిశారు, అలవాటైపోయింది."

"ఆర్డరొస్తే మా ఆడపడుచుని పిలుస్తానన్నారు."

"పిలిచి ఎక్కడ కూర్చోబెట్టనమ్మా? ఖాళీ ఏది?" ఆయన హాలు వైపు చెయ్యి చాపాడు. తర్వాత ఫ్రేము వైపు. "అన్నట్టు ప్యాకింగ్ గది కూడా ఇలాంటిదే ఒకటి తీయాలి మీరు."

"నా కెమెరాకి అంత పొడుగు రాదండీ."

"ఇది తీసిందిగా?"

"ఇది తీసింది. ఇంక రాదు."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని ఎందర్నో చూసింది గానీ, తగలేయడానికి అగ్గిపుల్ల కూడా తనచేతే ఇప్పించినవాణ్ణి ఇప్పుడే చూస్తోంది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. అరవడం తెలియనిదేం కాదు. పది పన్నెండు రోజుల కిందట ఇదే హాల్లో నిలబడి గొంతు పోయేలా అరిచింది, మేనేజరు మీద కాదు, ఈ ఆడవాళ్ల మీద.

ఫ్రేము బిగించబోతే మరలు గోడలో నిలవలేదు. రేపు పెద్దవి తెచ్చి బిగిస్తానంది. బయటికి పోతుంటే కాలర్ల పిల్ల కిటికీ కింది మిషన్ దగ్గర తిట్టుకుంటూ సూదిలోకి దారం ఎక్కిస్తోంది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"ఫొటోలక్కా, ఇంకెప్పుడూ మమ్మల్ని ఫొటో తియ్యకు తల్లీ. మూడో మిషన్ కూడా ఇస్తారు." నవ్వడానికి చూసింది గానీ నవ్వు రాలేదు. "ఈ మిషనొకటి నా ప్రాణానికి. చెయ్యి పెట్టానో లేదో దారం తెగుతుంది. ఇక్కడ తెగితే ఇక్కడే ఉండిపోతా, అక్కడ నా కట్ట పేరుకుపోతుంది. రెండు చోట్లా తిట్లు నాకే."

*

ఆడపడుచు గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. ఫొటోలక్క చెప్పులు విడుస్తూ మొత్తం చెప్పేసింది. నీళ్లు కూడా తాగలేదు. ఆగితే చెప్పలేనని తెలుసు.

"నేనే నేర్పానే. నా నోటితో నేనే అరిచి మరీ నేర్పా. ఫొటో బాగా రావాలని..."

"నువ్వేం చేస్తావొదినా, నేనే కదా తియ్యమంది." ఆడపడుచు మెట్టు మీద కూర్చుంది. ఉన్నట్టుండి తలెత్తింది. "నా మిషన్ దారం తెంపుతోందన్నావు కదూ?"

"చెయ్యి పెడితే చాలట."

"తెగనీ!" ఆమె కళ్లు మెరిశాయి. "ఇంకో నాలుగు రోజులు అలాగే తెగనీ. వాళ్లే కాళ్లబేరానికొస్తారు. చెప్పాగా, అది నా మాటే వింటుందని."

"ఊఁ."

"ఎవరు కూర్చున్నారు దాని మీద?"

"ఫొటోలో ఎవరు కూర్చున్నారో వాళ్లే. కాలర్ల పిల్ల. వేలికి పీలిక చుట్టుకుని ఉంది. రెండు చోట్లా తిట్లు తింటోంది."

ఫొటోలక్క లోపలికెళ్లి పొయ్యి వెలిగించింది. అన్నం ఉడికే వేళకి వెనక అడుగులు వినిపించాయి. ఆడపడుచు చేతిలో పైకోటు ఉంది. కొక్కెం మీదనుంచి తీసి తెచ్చింది. దాని జేబులోంచి మడతలు పెట్టిన అట్టముక్క ఒకటి తీసి గట్టు మీద పెట్టింది. మిషన్ నూనె తాగి తాగి నల్లబడింది అది.

"రేపు మరలు బిగించడానికి వెళ్తావుగా. ఇది ఆ పిల్లకివ్వు. మిషన్ కుడివైపు ముందుకాలు కింద పెట్టమను. అక్కడ నేల పల్లం. మిషన్ ఊగుతుంది, అందుకే దారం తెగుతుంది. ఇంటికి పంపిన రోజు వస్తూ వస్తూ లాగేసి తెచ్చుకున్నా. కోటు ఉతికినప్పుడల్లా తీసి మళ్లీ జేబులోనే పెట్టుకుంటున్నా."

ఫొటోలక్క దాన్ని ముట్టుకోలేదు. "ఇచ్చేస్తే మరి నిన్నెందుకు పిలుస్తారే?"

ఆడపడుచు పైకోటు బట్టల పెట్టెలో అడుగున పెట్టి మూత వేసింది.

"మడత విప్పొద్దని చెప్పు," అంది. "సరిగ్గా అంత మందమే ఉండాలి."